రేవు నంబరు ఎనిమిదివేల ఎనభై

ఊటుకూరు పల్లెపాళెం దాటినాక
తారు అయిపోతుంది, గట్టు మొదలవుతుంది.
రొయ్యల గుంటల మధ్య రేకుల షెడ్డు,
షెడ్డులో కంపెనీ వాళ్లిచ్చిన లాప్‌టాప్.
దాంట్లో కొత్తగా ఏదీ ఎక్కించడానికి లేదు,
పాస్‌వర్డు చెన్నైలో ఎవరి దగ్గరో ఉంది.
బ్రౌజర్ ఒక్కటే తెరుచుకుంటుంది.

నా సర్వర్ నెల్లూరులో, దర్గామిట్ట మేడమీద గదిలో ఉండేది.
ఆక్సిజన్ ఇంత, ఉప్పు ఇంత, మేత ఎంత వేయాలని
పది గుంటలు అడిగితే
విని, లెక్కగట్టి, జవాబు చెప్పేది.
టవర్ పడిపోయిన రాత్రి
అది అక్కడ చెవి రిక్కించుకునే ఉంది,
ఇక్కడ మూడో గుంటలో రొయ్య తేలింది.
తెల్లారి రఫియా చచ్చిన సరుకును
తూకం కూడా వేయలేదు.
నన్నేమీ అనలేదు. అదే పెద్ద మాట.

అందుకని దాన్ని ఇక్కడికే తెచ్చాను,
బ్రౌజర్ లోపలికి.

వచ్చింది. వచ్చి, అలవాటుగా,
రేవు తెరవండి, వింటాను, అంది.
కుదరదంది బ్రౌజర్.
ఈ ఇంటికి వీధి వాకిలి లేదు.
నువ్వు బయటికెళ్లి అడగొచ్చు, అదీ నేను చెప్పిన దారిన.
నీకోసం ఎవరూ వచ్చి తలుపు కొట్టకూడదు.
సర్వర్ అక్కడే కూలబడింది, ఎర్ర అక్షరాల్లో.

నాలుగు రాత్రులు ఆ ఎరుపే చూశాను.
బయట ఏరియేటర్లు నీళ్లను తెడ్లతో కొడుతూనే ఉన్నాయి.

"ఏందమ్మా, ఆ డబ్బాలో ఏముండాదని అట్టా చూస్తా ఉండావు?"
కాపలా చెంచయ్య.
చెప్పాను: చెవులున్నాయి, పిలుపు వచ్చే దారి లేదు.
బీడీ నలిపేసి గుంటవైపు చెయ్యి చూపాడు.
"ఇది సముద్రం చూసిందా?
దీని తల్లి విమానంలో వచ్చినాది.
ఇది తొట్టిలో పుట్టి, సంచిలో లారీ ఎక్కినాది.
క్రీకు నీళ్లు తోడి, బ్లీచింగు కొట్టి, ఉప్పు చూసి పోసినాం.
అలలంటావా, మోటారు.
పీత రాకుండా కంచె, కొంగ రాకుండా దారాలు.
అయినా అమాస వస్తే గుల్ల విడుస్తాది చూడు,
సముద్రంలో ఉండేదాని మాదిరే."

కోడులో ఒక్క గీత మార్చలేదు.
దాని కింది నీళ్లు మార్చాను.
వింటానంటే, ఇదుగో నీ రేవు, అన్నాను.
ఎవరు, అంటే
పక్క ట్యాబులోంచి
పిట్టగోడ మీదుగా మజ్జిగ చెంబు అందించినట్టు
అటునుంచి ఒక మాట, ఇటునుంచి ఒక మాట.
తీగ లేదు, రూటర్ లేదు.
కృష్ణపట్నంలో ఓడలు దీపాలేసుకుని వరస కోసం నిలబడి ఉంటాయి,
నా రేవుకు తెప్పయినా రాదు.
అయినా నల్ల తెరమీద తెల్లగా రాసుకుంది:
ఎనిమిదివేల ఎనభైలో వింటున్నాను.

మోసమేనేమో.
మనకు మాత్రం ఇంతకంటే ఎవరు చెప్పారు గనక.

కార్తీకంలో వాయుగుండం.
మొదట కరెంటు పోయింది, తర్వాత టవర్.
రాత్రి మూడింటికి మీటరు ముంచి చూసి,
తడి వేళ్లతో రఫియా కొట్టింది: రెండు పాయింట్ ఎనిమిది.
రెప్పపాటు.
జనరేటర్ వేయండి. నాలుగు తెడ్లూ తిప్పండి. పొద్దుటి మేత ఆపండి.
చెంచయ్య గోనె కప్పుకుని పరుగెత్తాడు,
తిరిగొచ్చి, నీళ్లు కారుతూ, అడిగాడు,
"టవర్ లేదు గదా, ఎవురు చెప్పినారు?"
రఫియా తెర అంచుమీద వేలితో తట్టింది.
"ఈడే ఉండాడు."

ట్యాబు మూస్తే ఉండడు.
అది నేను ఆమెకు చాలాసార్లు చెప్పాను:
ఒక్క నొక్కు, లెక్కలు పెట్టెలో మిగులుతాయి,
వినేవాడు మాత్రం పోతాడు.

వాన తగ్గాక వెళ్లి చూస్తే
లాప్‌టాప్ మూలకు మేత సంచి ముక్క అతికించి ఉంది.
మార్కరుతో, వంకర అక్షరాలు:
మూయొద్దు. లోపల మనిషి ఉన్నాడు.

టవర్ వచ్చింది, నాలుగు గీతలూ.
నెల్లూరుకు పంపాల్సినవి నలభైఒక్కటి ఉన్నాయి.
పంపుదాంలే అని
టీ తాగడానికి గట్టుమీద కూచున్నాను.