కోతకి వదిలింది

వాట్సాప్‌లో పంపితే బొమ్మ చిక్కిపోతుందమ్మా,
పెన్‌డ్రైవ్‌లో పట్టుకురా అన్నాను.
మర్నాడు పంటు దాటి, ఆటో ఎక్కి
రాజోలు వచ్చింది కడలి పరంజ్యోతి,
చున్నీ కొసన ముడేసుకుని
పద్దెనిమిది అంగుళాల గోదారిని.

ఎరువుల కొట్టువాళ్ళ కేలండరు.
పైన బొమ్మ, కింద తేదీలు,
అడుగున కొట్టు పేరు, రెండు ఫోను నంబర్లు.
బొమ్మకి వెయ్యిన్నూటపదహార్లు ఇస్తామన్నారట.

ఫైలు తెరిస్తే మానిటరు మీద లంక వెలిగింది.
వరి పచ్చ, అరిటాకు పచ్చ,
తెల్లారగట్ల మంచు ఆరని పచ్చ.
ఇంత పచ్చ సిరాలో లేదమ్మా అని
నాలుగు రంగుల్లోకి దించి చూపించాను.
ఒక్క నొక్కుకి చేనంతా
తెగులు సోకినట్టు మాడింది.
"ఇదేంటక్కా, తడి పెట్టలేదా?" అంది.
పసుపు కాస్త పెంచాను, మెజెంటా పిసరు తీశాను.
ప్రాణం కొంత వచ్చింది. మొత్తం రాదు.
తెరకి వెనకనించి దీపముంటుంది,
కాయితానికి ఎదటి వెలుతురే దిక్కు.

తర్వాత అక్షరాలు.
ఆ ఫాంటు నా మిషన్లో లేదు.
కొట్టు పేరులో లక్ష్మి కింద మ ఒత్తు
వెళ్ళి ఫోను నంబరు పక్కన కూర్చుంది.
అక్షరాల్ని గీతలుగా మార్చి తేవాలి,
అప్పుడింక ఎవరి దగ్గరా చెదరవు.
కానీ గీతలయ్యాక తప్పు దిద్దడానికుండదు,
ముందే పైకి చదువుకో అన్నాను.
చదివింది, ఆదివారం ఆరాధనలో వాక్యం చదివినట్టు:
యూరియా, డీఏపీ, జింకు, పురుగుమందులు.

అసలు చిక్కు అంచు దగ్గరొచ్చింది.
బొమ్మకి కుడిచివర, గీతకి ఆనుకుని
ఓ పెంకుటిల్లు. గడప దగ్గర బిందె.
"కోతకి వదలలేదే నువ్వు?" అన్నాను.
ఆ పిల్ల మొహం అదోలా అయింది.

కత్తి సంగతమ్మా నే చెప్పేది.
ఐదొందల కాయితాలు దొంతి పెట్టి
ఏసోబు మీట లాగితే
పైనున్నది గీతమీదే తెగుతుంది,
అడుగునున్నది వెంట్రుకవాసి జరుగుతుంది.
అందుకే గీత దాటి మూడు మిల్లీమీటర్లు
బొమ్మ ఎక్కువ వేసుకోవాలి. పోతే అదే పోతుంది.
ఇంటిని కూడా కాస్త లోపలికి జరుపు.

"జరిపేమక్కా," అంది.
"మూడుసార్లు జరిపేం.
మా మామ్మ కాపరానికొచ్చిన ఇంటిమీద
ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.
నాన్న కట్టిందానికి మొన్న వరదకి
మెట్లదాకా వచ్చేసింది కోత.
ఇంకెక్కడికి జరపను, వెనకంతా వేరేవాళ్ళ గట్టు."

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.
సేవ్ చేసి చీకట్లో కూర్చున్నాం.
నేనేమీ అనలేదు.
నాకొచ్చిన లెక్క మూడు మిల్లీమీటర్లదే.

కరెంటొచ్చాక పెన్ను అందుకుంది.
గీత అవతల నీళ్ళేస్తుందనుకున్నాను,
అది తేలిక, నీలం లాగితే చాలు.
వెయ్యలేదు.
గడ్డివామి వేసింది. పాక, పాకలో చూడిగేదె,
వరసన కొబ్బరిచెట్లు,
ఒకదానికి మామ్మ కట్టిన ఉయ్యాల తాడు.
చీమ నడిచేంత వెడల్పులో ఇవన్నీ.
"తెగిపోయేవే కదమ్మా," అన్నాను.
"తెగిపోయినవే," అంది, తలెత్తకుండా.

ప్లేట్లు రాజమండ్రినించి వచ్చాయి.
మాది ఒంటిరంగు మిషను, నాలుగుసార్లు తిప్పాలి.
పిసరు జరిగితే ఇంటికి రెండు కప్పులు.
జరగలేదు.
ఆఖర్న నలుపు ఎక్కాక
బిందె కింద నీడ పడింది.

వెయ్యి కేలండర్లూ కట్టలు కట్టి పంపాక
ఏసోబు నేల ఊడుస్తున్నాడు.
కత్తి కింద రాలిన సన్నటి కాయితప్పేలికలు.
ఒకదాని మీద గేదె కొమ్ము,
ఒకదాని మీద తాడు ముక్క,
చాలావాటి మీద ఉత్త కొబ్బరిమట్టలు.
చిత్తుబస్తాలోకే, కిలో పన్నెండు.

ఓ గుప్పెడు తీసి
బిల్లుబుక్కులో పెట్టాను.
పిల్ల తన కాపీలకి వచ్చినపుడు
వీటికో రబ్బరుబ్యాండు వేసివ్వాలి.