చెయ్యెత్తిన చోట

దసరా పోయినంక దొరికినయి నాలుగు దినాలు.
హన్మకొండ డిపోల సంతకం పెట్టి
రోజూ నేను టికెట్లు కొట్టే బస్సులనే
జీరో టికెట్ తీసుకొని కిటికీ పక్కన కూసున్న.
పక్కన చైత్ర, ఒళ్ళె నోటుబుక్కు.
పదేండ్ల పిల్లకు పాకేటియన్నీ కావాలె:
ఉడుము, పసిరిక, ఊసరవెల్లి, నలికిరి,
ఒక్కోదాని పక్కన ఒక ఖాళీ గడి.

తాడ్వాయిల మా డ్రైవర్ అత్త, ఈసం ఎర్రమ్మ,
మా తెల్లసాక్సులు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.
ప్యాంటు అంచులు సాక్సులల్ల దోపించి
చీలమండలకు కానుగ నూనె తనే రాసింది.
"పాముకు బయపడకుండ్రి. మిమ్ముల జూస్తె అదే పోతది.
పిడుదు పోదు. అది మీకోసమే ఉంటది."

బాట నడుమనే నడువాలె.
నడుముదాక గడ్డి ఉన్నకాడ కాలు పెట్టొద్దు.
పడ్డ మొద్దు మీద కూసోవద్దు.
కూసోకుంటనే మూడు గంటలు.

ఒకకాడ ఆగి గడ్డికొన చూపించింది.
నువ్వుగింజంత ఉన్నది.
ముందటి కాళ్ళు రెండు గాలిలకెత్తి
ఆపు, ఆపు అన్నట్టు.

నాకు నవ్వాగలే.
తొమ్మిదేండ్ల సంది చూస్తున్న ఈ ఎత్తిన చేతులను,
జాకారం మూలమలుపుకాడ, పస్రా దాటినంక,
నెత్తిన మూట, సంకల పిల్ల,
వచ్చేది మన బస్సో కాదో తెల్వకుంటనే లేచేటి చెయ్యి.
దీనికి మన ఊపిరే హారన్.
టికెట్ లేదు. దిగే స్టేజి లేదు.

తొండలు ఆరు కనపడ్డయి, ఒకదాని గొంతు ఎర్రగ.
వెదురుపొద కింద జెర్రిపోతు కుబుసం,
కండ్ల మీది పొరలతోని సహా.
గడిల రాస్తనని చైత్ర.
"ఇడిచిన బట్ట జూసి మనిషిని జూసిన అంటవా?"
ఎర్రమ్మ అట్లనంగనే పెన్ను మూసింది,
మూతి ముడిచింది,
సగం ఊరిదాక నాతోని మాట్లాడలే,
అన్నది నేనైనట్టు.

మర్లి వచ్చేటప్పుడు,
ఇగ లేదనుకున్నంక,
పుట్ట మీద ఉడుము.
కడుపు మన్నుకానిచ్చి ఎండ తాగుతున్నది.
నాలుక బయటికి, లోపటికి.
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టినం.
కిరాయి దుర్బిను చైత్ర చేతులల్ల వణికింది.

"అమ్మా, దానికి గూడ."

చెవితూటు చుట్టూ, మెడ మడతలల్ల,
ఆముదం గింజలోలె బలిసి పిడుదులు.
పొద్దుగాల్నుంచి మేం తప్పించుకుంట తిరిగినయి
మేం వెతికేదాని మీద
ఎప్పుడో ఎక్కి కూసున్నయి.
అది గీరుకోలే, దులుపుకోలే.
మమ్ముల ఒకసారి చూసి
పుట్ట వెనకకు దిగింది, తొందరేం లేకుంట.

రాత్రి గుడ్డి బల్బు కింద నా వంతు.
చంకలు, బొడ్డు, మోకాళ్ళ వెనక,
జడ ఇప్పి పాయపాయ.
ఆ పిల్ల అడివిని చూసిన తీర్ననే
పిల్లను చూసిన.
ఏం లేదు.
"ఇగ నువ్వు తిరుగు" అన్నది చైత్ర.
నా ఎడమ చెవి ఎనక దొరికింది.

మేకల చెవులు దిద్దిన చెయ్యి ఎర్రమ్మది.
కనుబొమ్మల పట్టకారుతోని
తిప్పకుంట, నలపకుంట, నిట్టనిలువుగ గుంజింది.
సీసామూతల అది ఇంకా కాళ్ళెత్తుతనే ఉన్నది.
చైత్ర నోటుబుక్కుల కొత్త గడి గీసింది.
ఎనిమిది కాళ్ళే, ఆ జాతి కాదే అంటే
"పాకుతది గద!" అన్నది.

సోమారం డ్యూటీ.
జాకారం దాటినంక, స్టేజి గానికాడ,
గడ్డిలనుంచి ఒక ముసలాయన చెయ్యెత్తిండు.
బెల్లు తాడు అందుకునేలోపు
నా వేలు చెవి ఎనకకు పోయింది.
బస్సాగింది.
లాగు నిండ పల్లేరుకాయలు, సంకల కోడిపుంజు.
ఏడికి తాతా, అని అడిగిన.