అరణ్మనైకారన్ వీధి

బోర్డు మీద ఇంగ్లీషులో అర్మేనియన్ వీధి.
తమిళంలో అరణ్మనైకారన్ వీధి,
అంటే రాజభవనం వాడి సందు.
ముప్పై ఏళ్ళుగా శుభలేఖల ప్రూఫులు దిద్దుతున్నాను,
ఇంత అందమైన అచ్చుతప్పు
ఇంకెక్కడా చూడలేదు.
కొండల్లోంచి దిగివచ్చినవాణ్ణి
ఈ ఊరి నోరు కోటలో కూర్చోబెట్టింది.

పక్క వీధిలోనే మా ప్రెస్సు.
చి.ల.సౌ. మధ్య చుక్కలు పడ్డాయా,
సుముహూర్తానికి దీర్ఘం ఉందా,
అదీ నా ఉద్యోగం.
మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని
తోపుడుబళ్ళూ అట్టపెట్టెలూ కూలీల కేకలూ దాటి
ఆ చర్చి గోడ లోపలికి వెళతాను.
దేవగన్నేరు కింద తింటుంటే
వాచ్‌మన్ యేసుపాదం ఏమీ అనడు.
పెరుగన్నంలోకి మాగాయ ఉన్న రోజు మాత్రం
వచ్చి పక్కన చతికిలబడతాడు.

నేలంతా సమాధి పలకలే.
ఒకదాని మీద త్రాసు. వర్తకుడై ఉంటాడు.
ఆ లిపి నాకు రాదు,
అయినా ప్రూఫు చూసే కన్ను ఊరుకోదు:
ఇదిగో, తలకట్టు ఊడిన ప.
ఇక్కడ ఇంకో గీత ఉండాలేమో.
ఈ అక్షరాల్లో వాళ్ళ మొట్టమొదటి పత్రిక
అచ్చయింది వాళ్ళ దేశంలో కాదట,
ఈ మదరాసులోనట.
సీసపు అచ్చులు పేర్చినవాడి వేళ్ళకి
మా చెమటే పట్టి ఉంటుంది.

అలా బయల్దేరాను.
పాస్‌పోర్టు లేదు, మోకాళ్ళు అంతంతమాత్రం.
ఆర్డర్లు లేనప్పుడు డిజైన్ల నఫీజా
కంప్యూటర్లో తిప్పి చూపిస్తుంది:
గులాబిరంగు రాతి ఊళ్ళు,
కొండని తొలిచి కట్టిన మఠాలు,
సముద్రంలేని దేశానికి
మబ్బుల ఎత్తున ఒక సరస్సు.
శిలువరాళ్ళ నిండా లతల అల్లిక;
మా బంగారు అంచులు దాని ముందు దిగదుడుపే.
దుప్పటంత రొట్టెని పొయ్యి గోడకి కొట్టి కాలుస్తారు.
ఆప్రికాట్ కొయ్యతో సన్నాయి లాంటిది ఊదుతారు.
మన సన్నాయి పెళ్ళికి పిలుస్తుంది,
అది పందిరి విప్పుతున్నప్పటి సంగతి చెబుతుంది.

ఒకచోట నఫీజా ఆగిపోయింది.
నూరేళ్ళ కిందటి ఫొటోలు.
ఎడారి. నడిపించుకుపోతున్న జనం.
మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.
ఆ సాయంత్రం ఇద్దరం టీకి లేవలేదు.

వాళ్ళకో కొండ ఉంది, మంచు తలపాగా చుట్టిన కొండ.
ముద్రల మీదా సీసాల మీదా
పిల్లలు గీసే బొమ్మల్లోనూ అదే.
అది వాళ్ళ దేశంలో లేదు.
సరిహద్దుకి అవతల,
కిటికీలోంచి కనిపిస్తుంది, అంతే.
చెబితే యేసుపాదం "ఐయో పావం" అన్నాడు.
నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.
మదరాసు మనదే అని అరిచి అరిచి
గొంతు పోగొట్టుకున్న మనిషి.
ఆ తర్వాత కూడా కొత్వాల్‌చావడిలోనే
చింతపండు తూస్తూ పోయాడు.
ఆయన కదల్లేదు.
గీతే కదిలింది.

ఆదివారం తొమ్మిదిన్నర గంటలకి
గోపురంలో ఆరు గంటలూ మోగిస్తాడు యేసుపాదం.
ప్రార్థనకి వచ్చేవాళ్ళెవరూ లేరు.
"ఎవరి కోసమయ్యా?" అన్నాను.
"తుప్పు పట్టకుండా," అన్నాడు.

పోయిన నెల పరంగిమల ఎక్కాను.
ఈ బల్లపరుపు ఊళ్ళో దొరికిన ఆ గుట్టకి
మెట్లు కట్టించింది వాళ్ళలో ఒకాయనేనట.
ఎందుకని ఎవర్నీ అడగలేదు.
తొంభయ్యో మెట్టు దగ్గర కూలబడ్డాను, లెక్క తప్పింది.
పైనుంచి మంచుకొండలేం కనబడవు,
మీనంబాక్కంలో దిగుతున్న విమానాలు తప్ప.
వాయవ్యం ఎటని ఒక కుర్రాణ్ణి అడిగితే
ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాడు.
అక్కడొక హోర్డింగు, దాని వెనక ఎండ.
చాలాసేపు అటే చూశాను.

దిగేటప్పుడు
మెట్లు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.