పని

ముత్తుకూరు రోడ్డులో, పోర్టు లారీలు
మలుపు తిరిగేకాడ నా పెనం.
కారం దోశకి భాష అక్కర్లేదు,
వేలు చూపిస్తే చాలు.
తంటా అంతా మాటతోనే.

సేలం డ్రైవరొకడు దిగీ దిగంగానే
"అవసరం, అవసరం" అన్నాడు.
మొహాన చెమట, చేతుల్లో వణుకు.
పాపం, ఏం అక్కర పడిందో అని
గల్లాపెట్టెలోంచి వంద తీసిచ్చా.
నోటుని చూశాడు, నన్ను చూశాడు,
నాలుగిడ్లీలు నిలబడే మింగి
లారీ ఎక్కేశాడు.
వాళ్ళకి అవసరమంటే తొందరంట.
పై నెల వచ్చి వందా, ఇడ్లీల డబ్బులూ బల్ల మీద పెట్టి
"అక్కా, ఇప్ప అవసరం ఇల్లె" అన్నాడు.
ఇల్లెక్కడ నాయనా, అనడిగా.

పక్కన ఔసేప్పు టైర్ల షాపు. కేరళ మనిషి.
ఒకరోజు బీహారు లారీ చక్రం కాలితో తట్టి
"గాలి, గాలి" అని అరిచాడు.
పైనుంచి దూకి కాలరు పట్టుకున్నాడు డ్రైవరు,
ఎవర్ని తిట్టావురా అని.
నేను పోయి పంపు గొట్టం వాడి మొహం మీద పెట్టి
బుస్సుమనిపిస్తే గానీ తెగలా ఆ పంచాయితీ.

ఆ ఔసేప్పే, కొట్టు తెరిచిన కొత్తల్లో
చేతుల గ్రీజు తుడుచుకుంటా వచ్చి
"చేచ్చీ, కొంచెం సంసారిక్కణం" అన్నాడు.
మొగుడొదిలేసి పదేళ్ళయినదాన్ని.
కాలే అట్లకాడ ఎత్తా.
కొళాయి నీళ్ళ సంగతి మాట్లాడాలంట, అంతే.
వాళ్ళకి సంసారమంటే మాటంట.

మొన్న చలికి "నాకు పని" అని షట్టరు దించాడు.
పనుంటే చేసుకోనీ అని పలకరించలా.
మూడోనాడు రేకు కిందనుంచి దగ్గు.
టైర్ల మధ్యన దుప్పటి, దుప్పట్లో మనిషి,
ఒళ్ళు నా పెనం మాదిరే ఉండాది.
"పని... పని..."
ఇంత కాలిపోతుంటే ఏం పనయ్యా నీకు, అన్నా.
నా చెయ్యి లాక్కొని నుదుటి మీద పెట్టుకున్నాడు.
అప్పుడు తెలిసింది, పనంటే జ్వరమని.
"కంజి" అన్నాడు.
ఆ ఒక్కమాటకి నన్నెవరూ ఆపలా,
పొయ్యి మీద గంజి పడింది.

తగ్గినాక రాత్రిళ్ళు బల్ల మీద కూర్చుని
సంసారం చేస్తుండాం, వాళ్ళ భాషలో.
ఊళ్ళోవాళ్ళు మన భాషలో అనుకుంటుండారు.
అనుకోనీ.

అట్టా ఒక రాత్రి ఔసేప్పు వేళ్ళు మడిచి చెప్పాడు.
మీకు పనంటే పని. మాకు జ్వరం.
సేలమోళ్ళకి మంచు.
ఆ బీహారువాడి నోట
రవ్వంత సాగిందంటే, నీళ్ళు.

గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

కొట్టు పెట్టిన మూడోరోజు.
మిట్టమధ్యాహ్నం. పదిహేనేళ్ళుండవు పిల్లోడికి,
కనురెప్పల మీద కూడా బొగ్గు దుమ్ము.
"పానీ, పానీ" అన్నాడు.
పని లేదు నాయనా, ముందుకి పో, అన్నా.
చెయ్యెత్తి దారి కూడా చూపించా.
ముందుకంటే రెండు మైళ్ళ దాకా
అటూ ఇటూ రొయ్యల గుంటలు,
అన్నీ నీళ్ళే, గుక్కెడు మింగలేనివి.
వాడు తలూపి పోయాడు.
మర్యాదగానే పోయాడు.

ఈ సంగతి ఔసేప్పుకి చెప్పలా.
ఏ భాషలో చెప్పేది.

తెల్లారి నెల్లూరు పోయి కుండ కొనుక్కొచ్చా.
రోడ్డు పక్కకి, గ్లాసుకి గొలుసు కట్టకుండా పెట్టా.
ఎవరొచ్చి ఏమన్నా ముందు నీళ్ళు,
అర్థం ఆనక.

నిన్న సేలమోడు దిగాడు.
చెమర్చిన కుండని వేలితో రాసి,
ఆ తడి చూసుకుంటా
"పని" అన్నాడు.

ఈసారి లేదని చెప్పలా.