బుంటికూర

మూడో అంతస్తుల దిగిననాడు
వాళ్ల సామాను ఆరు పెట్టెలు, ఒక చిన్న మట్టికూజా.
కూజా మెడకు పూసల చుట్టు.
లిఫ్టు ఖరాబుంటె పెట్టెలు మా ఆయన మోసిండు,
కూజా మాత్రం ఆమె చేతుల్నే పైకి పోయింది,
పురిటిబిడ్డ లెక్క.

సూడాన్ అంట. యాడుందో నాకెర్క లేదు.
మక్తల్ కాడికెల్లి టోలిచౌకికి ఒచ్చిననాడు
నేనే దేశం దాటిన అనుకున్న.

పేరు ఇహ్‌సాన్. నా నోట్ల ఇసానమ్మ అయింది.
పెనిమిటి ముదస్సిర్, ఈ వయసుల మందుల చదువు చదువుతుండు.
చిన్నోడు మొహన్నద్.
గల్లీ పోరగాండ్లు రెండో దినానికే మోహన్ జేసిన్రు.

వాళ్ల బాసల 'ప' లేదంట.
అది మాకు తెల్వక ముందు
పాలబూతు కాడ నిలబడి
'అర లీటర్ బాలు, అర లీటర్ బాలు' అంటుంటె
బూతు నడిపే బాలు
'సగమే కొంటవా అక్కా నన్ను' అన్నడు.
అందరు నవ్విన్రు. ఎందుకో తెల్వక ఆమె సుత నవ్వింది.
ఆనాడు పొద్దుగూకేదాంక వాళ్ల తలుపు తియ్యలే.

మంజీర నీళ్లు ఏ దినం, బోరు నీళ్లు దేనికి,
గ్యాసు ఎట్ల బుక్ జేసుడు, చెత్తబండి ఎప్పుడొస్తది
చేతులతోని చెప్పిన, మొఖంతోని చెప్పిన.
కాయితాల కట్ట పట్టుకొని ముదస్సిర్ వీసా ఆఫీసుకు పోతడు.
తిరిగొచ్చేటప్పుడు మెట్లమీద చెప్పుల చప్పుడుకే
పని అయిందో కాలేదో నాకు తెలుస్తది.

బెండకాయకు జిగురు పోవాలని నేను తిప్పలు పడుత.
ఆమెకు జిగురే కావాలె.
నా వేపుడు దిక్కు చూసింది,
ఈమెకెవరు వంట నేర్పలేదా అన్నట్టు.

బిడ్డ తస్నీమ్ రెండో తరగతి. బడిల తెలుగు తప్పదు.
మెట్లమీద కూసోని దిద్దుకుంటది.
నేను ఐదు దాంక చదివిన.
'ఱ' ఎందుకుందని అడిగితె నీళ్లు నమిలిన.

ప్రహరీ పక్కపొంటి మూడు జానల జాగల
ఎర్ర పుంటికూర ఏసిన.
ఆకు గిల్లినన్ని దినాలు గిల్లి
విత్తనానికని నాలుగు చెట్లు ఇడిసిన.
చలి ముదిరినంక కాయలు ఎర్రగ బట్టినయి.
ఒకనాడు చూస్తె చెట్లు బోడి.
మేకలను తిట్టిన. ఇస్త్రీ యాదయ్యను తిట్టిన.
గేటు దాంక ఒర్లిన.
తస్నీమ్ దిగొచ్చి 'మా అమ్మ' అన్నది.

అనాల్సిన మాటలు సద్దుకుంట మూడంతస్తులెక్కిన.
తలుపు తీసేటాలకు
చాప నిండ ఎర్రటి రెక్కలు ఆరబోసున్నయి.
ఇన్ని నెలల్ల నేను చూసిన మొఖం కాదు ఆమెది,
పుట్టింట్ల ఉన్న మొఖం.
గడగడ ఏందేందో చెప్పింది.
బిడ్డ అంత తెలుగు చేయలేక
'మా ఇంటికాడ ఇది తాగుతం' అని ఊకుంది.

ఎర్రగ, పుల్లగ, ఒక గ్లాసు.
చక్కెర జర ఎక్కువైంది.
బుద్ధి తెలిసినకాడికెల్లి ఆకు తింటున్న,
పువ్వును తాగొచ్చని మా అవ్వ సుత చెప్పలే.

అయినా విత్తనం పోయిందన్న కోపం
గొంతుల్నే ఉన్నది.
లేసి పోతుంటె పొట్లమొకటి చేతుల బెట్టింది.
ఒక్కొక్క కాయ ఒలిచి తీసిన గింజలు,
ఒక్కటి పోకుంట.
పొట్లం తస్నీమ్ కాపీల కాయితం:
ప పా పి పీ,
పక్కన టీచరమ్మ ఎర్రపెన్ను.

మొన్న ఎండలకు బోరు ఎండింది.
తెల్లారకముందే టాంకరొచ్చింది,
నాకు మెలుకువ కాలే.
మూడో అంతస్తు కెల్లి కేక:
'మణెమ్మా, నీళ్లొచ్చినయ్! బైపు బట్టు!'

మంచంలకెల్లి మా ఆయన అన్నడు,
కండ్లు తెరువకనే:
'ఎవలే అది?
మన ఊరామె లెక్కుంది.'