మీగడ

డులూత్‌లో జనవరి.
ట్రక్కు కింద పరిచిన అట్ట మీద
పొద్దున్నకి ఏడు చుక్కలు.
నిన్న ఐదే.

ఆయిల్ మూత తిప్పితే
లోపల లేతపసుపు మీగడ,
వేలికి జిడ్డుగా.
స్టార్ట్ చేస్తే
డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు చప్పుడు.
ఇంజను పోయిందనుకుని
మనసులో పాతసామాను ధర కూడా కట్టేశా.

షెడ్డులో ఆర్లీన్ కోస్కెలా
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుంది.
ఊపిరి బిగబట్టింది మాత్రం నేను.

"లోపల బాగానే ఉంది.
పొగగొట్టం మీది రేకు వదులైంది, అంతే."
రెండు డాలర్ల క్లాంపు. మోత ఆగింది.
కారేది పైమూత గాస్కెట్. అదీ చిన్నదే.

"మరి ఈ మీగడ?"
"కూలెంట్ తగ్గలేదు. రోజూ ఎంత దూరం నడుపుతావ్?"
ఇంటి నుంచి బేకరీ దాకా. మైలున్నర.
"వేడెక్కేలోపే ఆపేస్తున్నావ్.
లోపలి చెమ్మ ఎటు పోవాలి?"

బిల్లు అడుగున
మందుచీటీలో లాగా రాసింది:
ఆదివారం, టూ హార్బర్స్ దాకా.
పని లేకపోయినా.

వెళ్లా.
సరస్సు పక్కన సగం దారిలో,
ఈ చలికాలం మొదటిసారి,
హీటర్ గాలి నా మోకాళ్ల దాకా వచ్చింది.