తొంభై మూడో ఫారం

బరంపురంలో ముసురు పట్టుకుంటే
మా డిపార్టుమెంటు పైఅంతస్తులో
బకెట్లు పెట్టడం దండాసి పని,
ఫారాలు లెక్కపెట్టడం నాది.

రెండొందల పది కాగితాలు.
పేరు రాయొద్దన్నాం, నిజం రాయమన్నాం,
పావుగంటలో ఇచ్చెయ్యమన్నాం.

'నేనూ పనికొచ్చే మనిషినే అనిపిస్తుంది' –
ఎప్పుడూ, తరచూ, అప్పుడప్పుడూ, ఎన్నడూ లేదు.
నాలుగు గళ్లు.
ఊరందరి నాడీ చూడ్డం నేర్చిన వేళ్లు
సొంత మణికట్టు దగ్గర తడబడతాయి.

ఒకడు అన్నింటికీ 'ఎప్పుడూ' అని
నిలువునా ఒకటే గీత గీసి పారేశాడు.
ఒకమ్మాయి రెండో పేజీ ముట్టుకోలేదు.
ఒక ఫారం మీద ఘుగునీ నూనె మరక,
ఇంకోదాని వెనక మెస్సు బాకీ లెక్క.

తొంభై మూడు మాత్రం పెన్సిల్‌తో నింపి ఉంది.

నిద్ర పట్టకపోవడం – లేదు.
తిండి సయించకపోవడం – లేదు.
తన మీద తనకే ఏవగింపు – లేదు.
మొత్తం సున్నా.
మెడికల్ కాలేజీలో ఇంత సుఖంగా ఉన్నవాడెవడా అని
ట్యూబులైటుకి ఎత్తిపట్టి చూశాను.

'దాదాపు రోజూ' అన్న గళ్లలో
వరసవరసకీ చెరిపేసిన టిక్కు.
రబ్బరు రుద్దిరుద్ది కాగితం ఉల్లిపొరైంది.
చివరి ప్రశ్న దగ్గర చిల్లే పడింది.

వెనక్కి తిప్పితే అడుగున, చీమలంత తెలుగు:
'ఇంట్లో చెప్పకండి.'

పేరే లేదు కదరా నాయనా,
ఏ ఇంటి తలుపు కొట్టి చెప్తాం?

మనిషి తెలీదు గానీ ఆ రాత తెలుసు నాకు.
మన అక్షరం నెత్తిన టిక్కు పెట్టుకుంటుంది,
ఒడియా అక్షరం గొడుగు పట్టుకుంటుంది.
బడిలో అదీ, అమ్మ పక్కన క్యాలెండర్లో ఇదీ
నేర్చుకున్న మా ఊరి పిల్లల తలకట్లు
ఇలాగే వంగి గొడుగులవుతాయి.
నావీ అంతే.

నాకూ ఒక ఏడాది ఉంది.
అనాటమీ వైవాలో భుజం నరాల చిక్కు విప్పలేక
నోరెండి నిలబడితే
పరీక్షకొచ్చినాయన నా సీటు
ఇంకెవరికి దక్కాల్సిందో లెక్కగట్టి చెప్పాడు.
పంతొమ్మిది రోజులు గది దాటలేదు.
పెద్దబజారు నుంచి అమ్మ ఫోను చేస్తే
'తిన్నాను, చదువుకుంటన్నాను' –
ఆ రెండు మాటలూ రబ్బరే.

'సున్నా అంటే సున్నా, ఎక్కించు' అన్నారు మిశ్రా సారు.
చెరిపేసింది చదవడం పద్ధతి కాదట.
నిజమే, కాదు.
తొంభై మూడో వరస ఖాళీగా వదిలి లేచాను.

హాస్టలు మెస్సు నోటీసుబోర్డు మీద
పోయిన గొడుక్కీ, ఫీజు గడువుకీ మధ్య
ఒక చీటీ అంటించాను, నా వంకర తలకట్లతోనే:
'ఇంట్లో చెప్పను. పైఅంతస్తు, బకెట్లున్న గది.
రాత్రి తొమ్మిది దాకా ఉంటాను.'
ఏం రాశావని శుభ్రాంశు అడిగాడు.
కప్పు కారుతోంది, చూసి నడవమని రాశానన్నాను.

మూడు రాత్రులు దండాసీ, నేనూ, చుక్కలూ.
నాలుగో రాత్రి గుమ్మంలో ఒక గొంతు:
'అక్కా, బకెట్టు నిండిపోనాది.'

నంబరు అడగలేదు.
ఇద్దరం చెరో పక్కా పట్టి నీళ్లు పారబోశాం.
చుక్క పడే చోటు అతనే చూసి సరిగ్గా పెట్టాడు.
చాలాసేపటికి చెప్పాడు –
వాళ్ల నాన్న పట్టునూలుకి రంగద్దుతాడని,
గోళ్లలో ఎరుపు ఎంత తోమినా పోదని,
పుస్తకం తెరిస్తే ఆ గోళ్లే కనపడతాయని,
మూడు నెలలుగా ఒక పేజీ దగ్గరే ఉన్నానని.

వెళ్తూ నా రిజిస్టర్లో పేరు రాశాడు,
అడక్కుండానే, పెన్నుతో:
దశరథ.
నాలుగు అక్షరాలకీ నాలుగు తలకట్లు,
నిటారుగా, కత్తిరించినట్టు.
తెలుగుబడి పిల్లాడి రాత.

తొంభై మూడు ఇతను కాదు.

దండాసీ,
ఇంకో కుర్చీ ఉందేమో చూడు.